రెండుముప్పావు అంగుళాలు

హిందూపురం,
12 జూన్ 1961.

చెల్లెలు పుట్టమ్మకు నీ అన్న నారాయణస్వామి దీవెనలు.

నీవు పంపిన మే నెల కొలత చేరింది. చేరిన క్షణం నుంచి నాకు పనిమీద మనసు నిలవలేదు. పరిగి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కోటుకు కుడిచేయి ఎడమవైపు, ఎడమచేయి కుడివైపు అతికి, విప్పి, మళ్ళీ కుట్టవలసివచ్చింది. ఇరవైఆరేళ్ళ టైలరు పనిలో ఇటువంటిది ఇదే మొదటిసారి.

నీ కూతురు సరసు ఎడమకాలు కుడికాలి కంటె రెండున్నర అంగుళాలు పొట్టి అని వ్రాశావు. ఏప్రిల్‌లో రెండుముప్పావు. మూడేళ్ళుగా కదలని తేడా ఒక్క నెలలో పావు అంగుళం ఎలా తగ్గింది? పొట్టి ఎముక ముప్పై దినాల్లో పావు అంగుళం పరుగెత్తి పొడుగు ఎముకను అందుకోవడం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. కాబట్టి తప్పు ఎముకది కాదు, టేపు పట్టిన చేతిది. కొలిచే పద్ధతి మరొకసారి వ్రాస్తున్నాను. కాగితాన్ని గోడకు అతికించుకో.

1. పిల్లను చాపమీద వెల్లకిలా పడుకోబెట్టవలెను. పరుపు పనికిరాదు.
2. రెండు కాళ్ళూ జతగా, తిన్నగా చాపించవలెను.
3. టేపు కొసను బొడ్డుమీద ఆనించి, అక్కడి నుంచే కుడి చీలమండ లోపలి గుబ్బకు, అక్కడి నుంచే ఎడమ చీలమండ లోపలి గుబ్బకు లాగవలెను.
4. లాగేటప్పుడు పిల్లను నవ్వించరాదు. మీ ఇద్దరికీ ఆ అలవాటుంది.

మూడోది అన్నిటికంటె ముఖ్యం. లంగా కుట్టినా నిక్కరు కుట్టినా నేను నడుము ముడి దగ్గరే టేపు పెడతాను. ఒకే చోటి నుంచి రెండు కాళ్ళకూ కొలిస్తేనే అది న్యాయమైన కొలత. రెండు చోట్ల నుంచి కొలిస్తే ఆ రెండు చోట్లూ సమంగా ఉన్నాయని ఎవరు పూచీ?

పోయిన ఉగాదికి మీరు వచ్చినప్పుడు ఎముకలను విడివిడిగా కూడా కొలిచాను. ఆరోగ్యవంతుల్లో తొడ ఎముక ఐదు పాళ్ళయితే మోకాలి కింది ఎముక నాలుగు పాళ్ళుంటుంది. సరసు కుడికాలు అచ్చంగా అలాగే ఉంది: తొడ పదిహేను, మోకాలి కింద పన్నెండు. ఎడమకాలు: పదునాలుగున్నర, పదకొండుంపావు. నాలుగో ఏట వచ్చిన పోలియో జ్వరం తొడను కొంచెమే పట్టి, కింది ఎముకను ఎక్కువ పట్టింది. ఈ రెండు లోట్లూ కలిపితే అంగుళం పావే వస్తున్నది. బొడ్డు నుంచి కొలిస్తే రెండుముప్పావు. మధ్యలో అంగుళంన్నర ఎక్కడ పోయిందో తేలడం లేదు. కండలో పూడిన ఎముక కొసలు నా వేళ్ళకు సరిగా తగలలేదని అనుకుంటున్నాను.

ఎముకను పొడుగు చేసే ఆపరేషను గురించి నీకు చెప్పే ఉన్నాను. పొట్టి ఎముకను అడ్డంగా కోసి, కోతకు పైనా కిందా ఉక్కు చువ్వలు దూర్చి, వాటిని ఒక చట్రానికి బిగిస్తారు. దినానికి అంగుళంలో పదహారో వంతు చొప్పున మర తిప్పుతారు. ఎడమైన చోట కొత్త ఎముక పుట్టుకొస్తుంది. రెండు అంగుళాల కంటె తక్కువ తేడాకు మాత్రం ఈ పని చేయరు. అందుచేత నీ చేతి తప్పు వల్ల లెక్క కిందికి జారితే, పిల్లకు దక్కవలసింది దక్కకుండా పోతుంది. మళ్ళీ కొలిచి వ్రాయి.

ధర్మవరం నర్సు మరియమ్మ మాట ఇకమీదట నాకు వ్రాయవద్దు. జొన్నల మూటమీద కూర్చుంటే ఎముక పెరగదు. ఆమె దగ్గర టేపు కూడా లేదని నీవే చెప్పావు.

నారాయణస్వామి.


పెనుకొండ,
25 జూన్ 1961.

అన్నకు పుట్టమ్మ దండాలు.

నీ జాబు వచ్చిండాది. నాకు పలక పట్టించి అక్షరాలు నేర్పించినోడివి నువ్వే. ఆ అక్షరాలతోనే ఇన్ని తిట్లు చదువుకోవాల్సొస్తాదని ఆ పొద్దు తెలిసింటే పలక పగలగొట్టిందును.

మళ్ళా కొలిచినా. నువ్వు చెప్పినట్లే రెండుముప్పావే ఉండాది. ఆ పొద్దు టేపు మెలిక పడిండాదేమో. తప్పు నాదే, ఇంగ చాలించు.

ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. పోయినసారి బస్సు కాడ నువ్వు దిగీ దిగకముందే, "పుట్టమ్మా, తేడా రెండుముప్పావే కదా, సందేహం లేదు కదా" అని గట్టిగా అరిచినావు. సోడా తాగేటోళ్ళంతా తిరిగి చూసిరి. బడి పిల్లోళ్ళు కూడా ఉండిరి. అప్పటి నుంచి సరసుకు ఆ పేరే అయిపాయె. "ఏమే రెండుముప్పావూ, బడికి పోతాండావా?" అంటారు. దీనిదేమన్నా మెత్తని నోరా? "మీ తలకాయల్లో గుజ్జు అంత కూడా లేదు లేరా" అని వస్తాది. ఇంటికొచ్చినాక మాత్రం మూలకు కూకోని గోడ గిల్లతాది.

"మామ నా కాళ్ళు సమం చేయిస్తా అన్యాడు కదమ్మా, ఎప్పుడు?" అని దినామూ అడుగుతాది. పన్నెండేండ్ల బిడ్డకు ఏమని చెప్పేది? మామ జాబులు రాస్తాండాడు అంటా. "జాబులు రాస్తే కాలు పెరుగుతుందా?" అంటాది.

మరియమ్మ మాట ఇంగ నీకు రాయను. సరేనా?

పుట్టమ్మ.


హిందూపురం,
9 నవంబరు 1961.

చెల్లెలు పుట్టమ్మకు,

జూన్ నుంచి అక్టోబరు దాకా నీవు పంపిన కొలతలను గళ్ళ కాగితంమీద చుక్కలు పెట్టి గీత గీశాను. సుద్దదారం కొట్టినట్టు తిన్నగా వచ్చింది. ప్రతి నెలా రెండుముప్పావు. నీ చేయి స్థిరపడింది, పుట్టమ్మా. అభినందించవలసిందే.

నా వైపు నుంచి అభినందించదగినది ఏమీ లేదు. బెంగుళూరు ఆసుపత్రికి ఇప్పటికి ఏడు జాబులు వ్రాశాను. పనికివచ్చే జవాబు ఒక్కటీ లేదు. నిఘంటువు ముందు పెట్టుకొని ప్రతి ఇంగ్లీషు మాటకూ మూడు అర్థాలు చూసి వ్రాసిన జాబులవి. నేను ఐదో తరగతి దాటనివాడినని అక్షరం చూసి కనిపెట్టలేరు. అయినా ఏ పట్టా లేదని ఎలాగో కనిపెట్టేస్తారు. ఇక్కడి డాక్టరుగారి దగ్గరకు నా కొలతల పుస్తకం తీసుకొని వెళ్ళాను. నలభై నిమిషాలు బల్లమీద కూర్చున్నాను. ఆయన పుస్తకం అట్ట కూడా తెరవకుండా, "నారాయణస్వామీ, నా ప్యాంటు ఎప్పుడిస్తావయ్యా?" అని అడిగారు. దసరాకే ఇచ్చానని, వారే నడుము పట్టీ బిగుతైందని తిప్పి పంపారని మనవి చేశాను. నడుము పెరిగితే పట్టీ బిగుతే అవుతుందని మాత్రం అనలేదు. పని ఉన్నది నాకు కదా.

కాలం తక్కువగా ఉంది. ఆడపిల్లలకు పదునాలుగో ఏటికి కాలి ఎముకలు పెరగడం దాదాపు ఆగిపోతుందని చదివాను. కుడికాలు ఎంత పెరగాలో అంతా పెరిగిపోయేలోగా ఎడమకాలి సంగతి తేల్చాలి. ఈ తొందర నాకొక్కడికే ఉన్నట్టుంది. మీ ఆయన రంగప్పకు చెనక్కాయ పీకడం అయిందా? అయితే ఒకసారి ఆయన్నయినా బెంగుళూరు వెళ్ళి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడమను. నేను వ్రాసి వ్రాసి విసిగిపోయాను.

నారాయణస్వామి.


పెనుకొండ,
19 జనవరి 1962.

అన్నకు పుట్టమ్మ దండాలు.

ఈ నెల కూడా రెండుముప్పావే.

సరసు నాయన బెంగుళూరుకు పోనన్యాడు. "ఎముక కోసి పొడుగు చేసేది యాడైనా ఉంటాదా? కాలంటే కొయ్యా? మీ అన్నకు గుడ్డ కత్తిరించి కత్తిరించి అన్నీ గుడ్డ మాదిరే కనపడతాండాయి" అన్యాడు. నేను ఊరకుండలేదు. "నీకు తెలిసిందెల్లా నాగలి, నువ్వు మాట్లాడొద్దు" అంటి.

అయినా నాకూ భయమే, అన్నా. దినామూ మర తిప్పుతారు అంటివే, తిప్పినప్పుడల్లా నొప్పి పుడతాదా? దినామూ ఏడిస్తే ఎవురు చూసేది? అంత చేసినాక కొత్త ఎముక పుట్టకపోతే? నీ పుస్తకంలో ఇవి యాడన్నా ఉండాయా? ఉంటే రాయి.

సరసు బాగుండాది. ఇప్పుడు బావి కాడికి పోయి చిన్న బిందెడు తెస్తాది. నేను వద్దంటే ఇనదు. "నేను మోస్తాండేది నీళ్ళు, నువ్వు మోస్తాండేది భయం, ఏది బరువు?" అంటాది. ఈ నోరు నీ దగ్గర నుంచే వచ్చిండాలి.

పుట్టమ్మ.


హిందూపురం,
3 మార్చి 1962.

చెల్లెలు పుట్టమ్మకు,

రెండు సంగతులు. మంచిది మొదట చెబుతాను.

బెంగుళూరు ఆసుపత్రి నుంచి కార్డు వచ్చింది. ఏప్రిల్ పదహారు, సోమవారం ఉదయం, ఎముకల డాక్టరుగారు సరసును స్వయంగా పరీక్షిస్తారు. ఎనిమిదో జాబుకు దక్కిన ఫలం ఇది. నీవు, సరసు ముందురోజు పెనుకొండలో రైలెక్కండి. నేను హిందూపురంలో ఎక్కుతాను. పిల్లకు రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, ఇంట్లో వాడే పాత చెప్పులు తీసుకొని రా. కొత్తవి వద్దు, చెప్పు ఎటువైపు అరిగిందో డాక్టరుగారు చూడవచ్చు. పదో తేదీన ఒకసారి కొలిచి ఆ అంకె కూడా తీసుకొని రా. మర తిప్పినప్పటి నొప్పి గురించి నీవడిగినదానికి నా పుస్తకంలో నాలుగే పంక్తులున్నాయి, నాలుగూ ధైర్యం చెప్పేవి కావు. డాక్టరుగారినే అడుగుదాం.

రెండో సంగతి. జనవరి పంతొమ్మిదిన నీవు పెనుకొండ అని శీర్షిక పెట్టి వ్రాసిన జాబుమీద ధర్మవరం తపాలా ముద్ర ఉంది. పాత కవర్లన్నీ తీసి చూశాను. జూలై నుంచి నాలుగింటిమీద అదే ముద్ర. నాలుగూ శుక్రవారాలు. నీకు ధర్మవరంలో శుక్రవారం శుక్రవారం ఏం పని?

నారాయణస్వామి.


పెనుకొండ,
11 మార్చి 1962.

అన్నకు,

కార్డు వచ్చిందని సరసుకు చెప్తే ఇంట్లో ఒక తావున నిలబడలేదు. సరిగ్గా పదహారో తేదీకి అక్కడుంటాము.

ధర్మవరంలో ఏం పని అంటావా? సరసు మేనత్త ఉండాది కదా ఆడ. పట్టు దారం చుట్టేకి కూలి దొరుకుతుందంటే పోయినా. జాబు సంచిలో మరిచిపోయి ఆడ డబ్బాలో ఏసింటా. నువ్వు టైలరు పని మానేసి పోలీసు పని చేసుకో, అన్నా.

పుట్టమ్మ.


హిందూపురం,
22 ఏప్రిల్ 1962.

చెల్లెలు పుట్టమ్మకు,

బెంగుళూరులో రైలెక్కిన దగ్గర నుంచి హిందూపురంలో దిగేదాకా గదిలో జరిగింది ఏదీ మీకు చెప్పలేదు. సరసు రెండుసార్లు "ఏమన్యాడు మామా?" అని అడిగింది. ఆపరేషను లేదన్నారని మాత్రం చెప్పాను. మిగిలింది ఆరు దినాలు ఆలోచించి ఇప్పుడు వ్రాస్తున్నాను.

నీవు వరండాలో ఉన్నావు. గదిలో జరిగింది ఇది. డాక్టరుగారు పిల్లను పడుకోబెట్టి, తుంటి ముందు వైపు చేతికి తగిలే ఎముక మొన ఉంటుందే, కుడికాలికి కుడి మొన నుంచి, ఎడమకాలికి ఎడమ మొన నుంచి టేపు లాగారు. నేను అడ్డుపడ్డాను. రెండు చోట్ల నుంచి కొలవడం న్యాయం కాదన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నయమనిపించింది. "గుడ్డకు నడుము ఒకటే, టైలరుగారూ. ఎముకకు కాదు. ఏ కాలి ఎముక ఆ తుంటి నుంచే వేలాడుతుంది" అన్నారు. తర్వాత పిల్ల ఎడమ తొడను పక్కకు తెరవబోయి గజ్జలో బిగిసిన నరంలాంటిదాన్ని నా వేలితో తాకించారు. వీణ తీగలాగా ఉంది. అది తొడను లోపలికి లాగుతున్నది. కాళ్ళు జతగా చాపించినప్పుడల్లా ఎడమ తుంటి పైకి లేస్తుంది. బొడ్డు నుంచి కొలిచేవాడికి ఆ ఎగిసినది కూడా ఎముక లోటుగానే కనబడుతుంది. నాకు తేలని అంగుళంన్నర అదే.

ఎముకల లోటు అంగుళం పావు. ఎక్స్‌రేలో కూడా అంతే. "ఇంతమాత్రానికి ఎముక కోయను. కోస్తానన్నవాడి దగ్గరకు కూడా తీసుకువెళ్ళకండి" అన్నారు. గజ్జలో చిన్న కోత పెట్టి బిగిసినదాన్ని వదులు చేస్తారట. ఆరు వారాలు పిండికట్టు. తర్వాత ఎడమ చెప్పుకు అంగుళం ఎత్తు అట్ట. అంతే. సమం కావడమన్నది లేదు.

ఇంతవరకు తప్పు నాది, ఒప్పుకుంటాను. ఇక నీది. నా తృప్తికోసం బొడ్డు నుంచి కూడా ఒకసారి కొలవమని డాక్టరుగారిని బతిమాలాను. కొలిచారు. రెండు అంగుళాలు వచ్చింది. నేనూ కొలిచాను. రెండే. ఆరు దినాల ముందు నీవు వ్రాసి తెచ్చిన అంకె రెండుముప్పావు. నా కొలత పద్ధతి తప్పు కావచ్చు. కాని తప్పు పద్ధతి కూడా పదో తేదీన ఒక అంకె, పదహారో తేదీన ఒక అంకె చెప్పదు. పది నెలలు నీవు నాకు ఏమి పంపుతున్నావు?

నారాయణస్వామి.


పెనుకొండ,
29 ఏప్రిల్ 1962.

అన్నా,

అబద్ధాలు పంపుతాంటి. చాలునా?

పోయిన మేలో నిజం రాస్తి. రెండున్నర. నా చేయి తప్పంటివి, గోడకు కాగితం అతికించుకోమంటివి. నిజం రాస్తే తిడితివి, అబద్ధం రాస్తే అభినందించితివి. నేనేమి చేసేది? ప్రతి నెలా కొలుస్తాంటి. వచ్చింది గోడమీద బొగ్గుతో గీస్తాంటి, నీకు ఇష్టమైంది కాగితంమీద రాస్తాంటి. ఆగస్టుకు రెండుంపావు. సంక్రాంతి దాటినాక రెండు.

ధర్మవరంలో పట్టూ లేదు, కూలీ లేదు. మరియమ్మ దగ్గరికే పోతాంటిమి, ప్రతి శుక్రవారమూ, పాసింజరు బండికి. ఆయమ్మ వేడినీళ్ళ గుడ్డ గజ్జలో పెట్టి, మెల్లగా తొడ తెరిపించి, జొన్నల మూటకు అటొక కాలు ఇటొక కాలు ఏసి కూకోబెడతాది, గుర్రమెక్కినట్ల. ఇంట్లో కూడా దినామూ సందకాడ చెనక్కాయ మూటమీద. సరసు మొదట్లో ఏడ్చె. తర్వాత చేతిలో తాడు పట్టుకొని మూటను తోలబట్టె. నీకు చెప్తే టేపు లేదంటావని చెప్పలేదు. టేపు లేకున్నా ఆయమ్మకు చేతులుండాయి, అన్నా.

ఇంగ నేను అడుగుతా. నువ్వు లోపలుండంగ, వరండాలో ఒక నర్సమ్మ మన కాగితాల కట్ట విప్పె. నీ జాబులన్నీ ఉండాయి ఆడ. "మీ అన్నకు యాభైతొమ్మిదిలోనే జవాబు రాసినాము కదమ్మా, తుంటి కాడ నుంచి కొలవమని, బిడ్డను బిరీన తెమ్మని. ఇన్నేండ్లు ఏం చేస్తాంటిరి?" అనె. రైల్లో నువ్వు మాట్లాడకపోతే నేనూ అందుకే మాట్లాడలేదు.

నిజమా? ఔనంటే ఔనను. లేదంటే లేదను. అంకెలేసి రాయొద్దు.

బిడ్డ నాలుగు దినాలు తల దువ్వించుకోలేదు. చిన్న ఆపరేషను కూడా వద్దంటాది. "సమం చేస్తామన్యారు. ఇప్పుడు సగం చేస్తామంటాండారు. సగం పనికి నేను కత్తి కింద పండుకోను" అంటాది. నేను చెప్తే ఇనదు. మరియమ్మ చెప్పినా ఇనలేదు. ఇట్లే వదిలేస్తే తుంటి ఇంగా బిగుస్తాది, నడుము కూడా వంకర పోతాది అని మరియమ్మ భయపడతాండాది.

పుట్టమ్మ.


హిందూపురం,
6 మే 1962.

పుట్టమ్మకు,

ఔను.

1959 సెప్టెంబరులో జవాబు వచ్చింది. ఒక పుట. మొదటి వాక్యంలోనే, మీరు పంపిన కొలతలు ఎందుకూ పనికిరావు అని ఉంది. కిందంతా నీకు నర్సు చెప్పినదే. తుంటి బిగిసి ఉంటే చిన్న వయసులో వ్యాయామంతోనే వదులవుతుంది, ఆలస్యమైతే కత్తి కావలసివస్తుంది అని కూడా ఉంది. కొలతల పుస్తకం నిండా ఉన్న నా అంకెలను ఆ డాక్టరు ఒక్క వాక్యంలో కొట్టివేశాడు. నేను మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. కింది వాక్యాలు చదివాను. అర్థం కూడా అయింది. అర్థం కాలేదని వ్రాసుకోవడానికి ఇంగ్లీషును సాకుగా వాడుకోవచ్చు, కాని అది అబద్ధం.

ఆ దసరాకు మీరు వచ్చినప్పుడు సరసు నిద్రపోతుంటే డాక్టరు చెప్పినట్టు తుంటి మొనల నుంచి కొలిచాను. అంగుళం వచ్చింది. ఆ అంకెను పుస్తకంలో ఎక్కించలేదు. నా పుస్తకంలో ఎక్కని కొలత అదొక్కటే. అంగుళమంటే ఆపరేషను లేదు. ఆపరేషను లేదంటే, ఊరంతా చెప్పుకున్న నేను ఏమైపోవాలి? పనికివచ్చే జవాబు ఒక్కటీ లేదని నీకు వ్రాశాను. ‘పనికివచ్చే’ అన్న మాట అక్కడ ఎందుకు చేర్చానో నాకు తెలుసు.

నీవు వ్రాసిన అబద్ధాలకు నేను నిన్ను ఏమీ అనను. అనే చోటు నాకు లేదు.

పిల్లకు వేరే కాగితం జతపరిచాను. నీవు చదవవచ్చు.

నారాయణస్వామి.


చిరంజీవి సరస్వతమ్మకు మామ వ్రాస్తున్నది.

మీ అమ్మ అంకెలు వేయవద్దంది. వేయకుండా మూడు కాగితాలు వ్రాసి చింపాను. అంకెలు లేకపోతే నేను చెప్పవలసినదాంట్లో ఏదో ఒకటి జారవిడుస్తాను. క్షమించమని అడగవలసినవి ఇవి:

1. నీ కాళ్ళు రెండూ సమం చేయిస్తానని నాలుగేళ్ళు చెప్పాను. అది కాదు.
2. నీ కొలతను బస్సు దగ్గర పదిమంది వినేటట్టు అరిచాను.
3. నిజం వ్రాసినందుకు మీ అమ్మను కోప్పడి, ఆమె చేత అబద్ధం వ్రాయించాను.
4. ఆసుపత్రి జాబును రెండున్నరేళ్ళు దాచాను. దాచకపోతే నీ తుంటి మూటమీదనే వదులయ్యేది. ఇప్పుడు కత్తి కావలసివచ్చింది.
5. అన్నిసార్లు కొలిచాను కాని, నడిచేటప్పుడు ఎక్కడ లాగుతున్నదని ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే నీవే చెప్పేదానివి.

ఆ చిన్న ఆపరేషను చేయించుకో. నా మాట మీద కాదు. మరియమ్మ మాట మీద.

నారాయణస్వామి.


పెనుకొండ,
20 మే 1962.

మామకు సరసు రాసేది.

నీ కాగితం అమ్మ చదివి ఏడిస్తే, నేను లాక్కొని చదివినా. నువ్వు అంకెలేసినావు కాబట్టి నేనూ అంకెలతోనే చెప్తా. వరసగా మాత్రం కాదు.

రెండోది క్షమించినా. రెండుముప్పావు అనేటోళ్ళకు ఇప్పుడు నేనే చెప్తాండా, "అది తప్పు లెక్క, అసలుది అంగుళం పావు" అని. బడిలో ఉలిగప్ప కొడుకు "ఏమే అంగుళంపావూ" అని పిలిచి చూసినాడు. వానికే బాగలేదు. ఇంగ సరసూ అంటాండాడు.

మూడోది నువ్వూ అమ్మా తేల్చుకోండి. ఇద్దరూ ఇద్దరే.

ఒకటోది. సమం కాదని నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. డాక్టరు మాటలు ఇంగ్లీషులో చెప్పినాడు కానీ మొగం తెలుగులోనే పెట్టినాడు. రైల్లో నీ మొగం కూడా చూస్తి. నాలుగు దినాలు ఏడ్చినా. మళ్ళా ఏడుద్దామంటే రాలేదు. క్షమించినా అనుకో.

ఐదోది. గజ్జలోనే లాగుతాది. పొద్దున లేస్తానే ఎక్కువ. మెట్లు దిగేటప్పుడు ఎక్కేటప్పటి కంటే ఎక్కువ. నడుము కూడా ఎడమ పక్క నొస్తాది, అది అమ్మకు కూడా చెప్పలేదు. నువ్వు అడిగినావు కాబట్టి రాస్తాండా. పుస్తకంలో ఎక్కించుకో.

ఆపరేషను చేయించుకుంటా. మరియమ్మ మాట మీద కూడా కాదు. మొన్న బిందె ఎత్తుకొని మెట్లు దిగతాంటే తుంటి పట్టేసి, బిందె పోయె, నేనూ పడితి. బావి కాడ అందరూ లేపేకి వస్తే నాకు ఒళ్ళు మండిపాయె. సగమైనా సరే, నా అంతట నేను లేయవల్ల.

జూన్ నాలుగో తేదీకి రమ్మని కార్డు వచ్చిండాది. అమ్మ రక్తం చూస్తే పడిపోతాది. నాయన డాక్టరును చూస్తే చేతులు కట్టుకొని "మీ ఇష్టం సామీ" అంటాడు. డాక్టరుకు అడ్డంపడి అడిగేటోడివి మనింట్లో నువ్వొక్కడివే. అందుకని నువ్వు రావల్ల. ఎంత కోస్తారు, ఎన్నాళ్ళు పండుకోవల్ల, మళ్ళా బిగుస్తాదా, అన్నీ అడుగు. ఆయన ఏం చెప్పినా, నీకు నచ్చినా నచ్చకపోయినా, ఆ పొద్దే నాకు చెప్పల్ల.

నాలుగోది యాడ అని చూస్తాంటావు. దానికి నా కాడ ఇప్పుడు జవాబు లేదు. క్షమించినా అని రాస్తే అది అమ్మ నీకు రాసిన రెండుముప్పావు మాదిరే ఉంటాది. అందుకే రాయలేదు. పెద్దయినాక చూస్తా.

సరస్వతమ్మ.